గెలాక్సీ కేంద్రమా, గ్రేట్ అట్రాక్టరా?

జాతకంలో ఈ రెండు ఆకాశ బిందువులకు ఏ ఫలితం చెబుతారో చూద్దాం. రెండూ సాయన (విషువత్తు నుంచి లెక్కించే పాశ్చాత్య పద్ధతి) ధనుస్సులోనే: కేంద్రం 27 డిగ్రీల దగ్గర, అట్రాక్టర్ 14 దగ్గర. అయనాంశ (సాయనానికీ మన నిరయన పద్ధతికీ ఉన్న తేడా) తీసేస్తే మొదటిది మూల ఒకటో పాదంలోకి, రెండోది జ్యేష్ఠలోకి వస్తాయి. మూల అంటే వేరు. 26,000 కాంతి సంవత్సరాల దూరంలోని పాలపుంత నడిబొడ్డు అదే నక్షత్రంలో పడటం నాకు భలే ముచ్చట. (మూలలో బిడ్డ పుడితే శాంతి కోసం పరుగెత్తేవారికి ఈ మాట చెప్పాలి!) పాశ్చాత్య జ్యోతిష్కులు ఈ కేంద్రానికి అంతర్దృష్టిని, జీవిత లక్ష్యాన్ని ముడిపెడతారు. పాలపుంత పళ్లెం చాటున దాగి గెలాక్సీలను లాగే అట్రాక్టర్‌కు జనాకర్షణ అంటారు; పేరులోంచే పుట్టిన ఫలితమది, నాకంతగా రుచించదు.

ఈ బిందువులు 72 ఏళ్లకు ఒక్క డిగ్రీ జరుగుతాయి కాబట్టి తరమంతటికీ ఒకటే. జాతకంలో వీటికి డిగ్రీ, రెండు డిగ్రీల లోపు గ్రహం ఉంటేనే లెక్క. డిసెంబరు 18, 19 ప్రాంతంలో పుట్టినవారికి రవి కేంద్రం మీద ఉంటాడు. 6 ప్రాంతంలో పుడితే అట్రాక్టర్ మీద.