సొంతంగా కట్టిన ఫైబర్‌గ్లాస్ ఐసు పెట్టె: ఆరేళ్ళు వాడాక

చేపలు దాచుకోవడానికి దుకాణాల్లో దొరికే ఐసు పెట్టెలేవీ నా చిన్న పడవలో రెండు అడ్డబల్లల మధ్య ఇమడలేదు. అందుకే ఈ పనికి దిగాను. డబ్బు మిగులుతుందని మాత్రం కాదు. పారేసిన రెజిన్ (ఫైబర్‌గ్లాస్ గుడ్డకు పట్టించి గట్టిపరిచే జిగురు ద్రవం), విరిగిన బ్రష్షులు, పోయిన ఆదివారాలు లెక్క వేస్తే నాకే నవ్వు వస్తుంది. లోపలి కొలతలు 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 లోతు. అంటే 144 లీటర్లు. గోడలకు 5 సెంటీమీటర్ల ఫోమ్ పలకలు, వాటికి లోపలా బయటా రెండేసి పొరల ఫైబర్‌గ్లాస్ గుడ్డ. ఖాళీ పెట్టె 19 కిలోలు తూగింది.

మొదటి పాఠం ఒక తుక్కు ముక్క నేర్పింది. ఇంట్లో మిగిలిన పాలిస్టర్ రెజిన్‌ను థర్మోకోల్ ముక్క మీద పూసి చూశాను. కాసేపటికే అది కుంగి, గుంట పడి, జిగట ముద్దయింది. పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ పాలిస్టైరీన్ ఫోమ్‌ను కరిగించేస్తుంది. గట్టి నీలిరంగు పలకలకూ అదే గతి, ఎందుకంటే అవీ పాలిస్టైరీనే. పాలియూరిథేన్ ఫోమ్ అయితే తట్టుకుంటుంది. నా దగ్గర పాలిస్టైరీన్ పలకలు అప్పటికే ఉన్నాయి కాబట్టి రెజిన్‌నే మార్చి ఎపాక్సీ వాడాను. ఖర్చు ఎక్కువే, కానీ ఫోమ్ చెక్కుచెదరలేదు.

ఎపాక్సీకి దాని పెంకితనం దానికుంది. గట్టిపరిచే ద్రవంతో లోతైన డబ్బాలో ఎక్కువ కలిపితే, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటకు పోలేక తనను తానే ఉడికించుకుంటుంది. ఒకసారి నా చేతిలోని డబ్బా పొగలు కక్కింది. పరుగున వెళ్ళి బయట పెట్టాను. అప్పటినుంచి కొద్దికొద్దిగా కలిపి, వెంటనే వెడల్పాటి పళ్ళెంలో పోసుకునేవాణ్ణి.

మూలలే అసలు పరీక్ష. ఫైబర్‌గ్లాస్ గుడ్డ పదునైన అంచు మీద వంగదు. అతికినట్టే కనిపించి, మీరు అటు తిరగగానే లేచి, కింద గాలి బుడగ మిగులుస్తుంది. బయటి అంచులను గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దాను. లోపలి మూలల్లో ఎపాక్సీలో మెత్తని రంపపు పొడి కలిపిన లప్పం పెట్టి, చెంచా వీపుతో లాగాను. ఈ పని ఓపికగా చేసిన మూడు మూలలు ఈరోజుకీ బాగున్నాయి. చీకటి పడుతోందని తొందరపడిన నాలుగోది రెండో ఏడే పగిలింది.

ఇక చల్లదనం సంగతి. బయట 30 డిగ్రీలు, లోపల సున్నా అనుకుంటే, ఈ గోడల గుండా లోపలికి వచ్చే వేడి దాదాపు 40 వాట్లు. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి. ఆ లెక్కన రోజుకు సుమారు 10 కిలోల ఐసు కరగాలి. నేను 30 కిలోలు వేసి నీడలో పెడితే రెండు రోజులు కూడా నిలవలేదు. తప్పు గోడల్లో ఉందనుకుని కొన్నాళ్ళు వాటినే తిట్టుకున్నాను. ఒక రాత్రి వెలుగుతున్న టార్చిని లోపల పెట్టి మూత వేసి చూస్తే, మూత చుట్టూ సన్నని వెలుగు గీత! మూతను ఎగుడుదిగుడు నేల మీద ఆరబెట్టాను. అది ఆ వంకరతోనే గట్టిపడింది. మెత్తని రబ్బరు గాస్కెట్ అతికించి, మూతను కిందికి లాగి పట్టే గొళ్ళేలు రెండు బిగించాక అదే 30 కిలోలు రెండున్నర రోజులు వచ్చాయి.

నాలుగో ఏట పెట్టె బరువుగా అనిపించి తూకం వేశాను: 22 కిలోలు. నీరు వదిలే గొట్టం చుట్టుపక్కల బయటి గోడకు చెమట పడుతోంది. గొట్టం పక్కనున్న సందులోంచి నీరు గోడ లోపలికి దిగింది. ఈ రకం ఫోమ్ నీటిని పెద్దగా పీల్చదు గానీ, పలకల అతుకుల్లో నేను వదిలేసిన ఖాళీలు నిండిపోయాయి. ఆ భాగం కోసి, రెండు వారాలు ఆరబెట్టి, ఈసారి పద్ధతిగా చేశాను: కావలసిన దానికంటే పెద్ద రంధ్రం తొలిచి, చిక్కటి ఎపాక్సీతో పూడ్చి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు రంధ్రం వేశాను. బందుల మరలకూ అలాగే చేశాను. ఈ పెట్టెకు వేసిన ప్రతి రంధ్రం మొదటి రోజే ఇలా ఉండాల్సింది.

లోపలి గుడ్డ నేత కనబడుతుంటే ముచ్చటగా ఉందని అలాగే వదిలేయడం నా ఇంకో తెలివితక్కువ పని. ఆ గళ్ళలో చేప జిగురు చేరి, ఎంత తోమినా నీచు వాసన వదలలేదు. మూడో ఏట లోపలంతా రుద్ది, నేత మునిగేదాకా ఎపాక్సీ పూశాక పీడ విరగడైంది. రుద్దేటప్పుడు ముసుగు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. గాజు పొడి దురద రెండు రోజులు నిద్రపోనివ్వదు. బయటికి తెల్ల పెయింటు కావాలి, ఎండకు ఎపాక్సీ పాడవుతుంది.

వాడకంలో నాకు నచ్చింది దీని లోతు. ముందు రాత్రే కొంచెం ఐసు వేసి పెట్టెను చల్లబరుస్తాను. చేప పడగానే సముద్రపు నీరు, చితక్కొట్టిన ఐసు కలిపిన ముద్దలో ముంచుతాను. గడ్డల మధ్య పడేస్తే ఇంత త్వరగా చల్లబడదు. తరువాత నీరు వదిలేసి, పొరకొక పొర ఐసు.

గోడలు 7.5 సెంటీమీటర్లు చేస్తే కరిగేది రోజుకు ఏడెనిమిది కిలోలకు తగ్గుతుంది. కానీ అప్పుడు పెట్టె అడ్డబల్లల మధ్య పట్టదు. అందుకని మూతను మాత్రం ఆ మందంతో మళ్ళీ కడుతున్నాను. ఈసారి చదునైన గాజు పలక మీద ఆరుతోంది.