భూగర్భ కేబుల్ చుట్టూ ఏది మేలు: ఇసుకా, సిమెంటు కలిపిన ఇసుకా, పైపా?

2018లో తిత్లీ తుపానుకి శ్రీకాకుళం జిల్లాలో కరెంటు స్తంభాలు వేలకొద్దీ కూలాక, కేబుళ్లు భూమిలోనే వేయాలన్న మాట బలపడింది. వేయాల్సిందే. కాకపోతే పైన వేలాడే తీగ వేడిని గాలి లాగేస్తుంది, భూమిలో ఆ పని మట్టే చేయాలి. ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్ తొడుగు) కేబుల్ లోపల కరెంటు మోసే తీగ, అంటే కండక్టర్, మామూలు లోడు మీద 90 డిగ్రీలు దాటకూడదు. కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలు.

మనకు అలవాటైంది ఇసుకే. నాగావళి, వంశధార పక్కనే ఉన్నాయి, ఖర్చు తక్కువ, కేబుల్‌కి రాళ్లు గుచ్చుకోవు. తడి ఉన్నంతకాలం వేడిని బాగానే లాగుతుంది. చిక్కంతా ఏప్రిల్, మే నెలల్లోనే. ఏసీల లోడు పెరిగేదీ, నేల ఆరేదీ అప్పుడే. పైగా కేబుల్ వేడికి చుట్టూ ఉన్న తేమ దూరంగా జరిగిపోతుంది. రేణువుల మధ్య నీళ్లు పోయి గాలి చేరితే వేడి అక్కడే నిలిచి, మిగిలిన తడిని కూడా ఆరబెట్టేస్తుంది. తడి నేల ఉష్ణ నిరోధం, అంటే వేడిని పోనీకుండా అడ్డుకునే గుణం, 1 అనుకుంటే, ఎండిన ఇసుకది 2.5 దాకా పోవచ్చు. అప్పుడు అదే కేబుల్ మోయగలిగే కరెంటు సుమారు మూడో వంతు తగ్గుతుంది. 1998 జనవరి, ఫిబ్రవరిల్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో నాలుగు 110 కేవీ కేబుళ్లు వరసగా పాడై, నగరం నడిబొడ్డు దాదాపు ఐదు వారాలు కరెంటుకి అల్లాడింది. చుట్టూ ఉన్న మట్టి అనుకున్నంతగా వేడిని లాగకపోవడం కూడా అక్కడ చర్చకొచ్చింది.

అందుకే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే పెద్ద ఫీడర్లకు (ప్రాంతాలకు కరెంటు మోసుకెళ్లే ప్రధాన లైన్లకు) నా ఓటు సిమెంటు కలిపిన ఇసుకకే. 14 పాళ్ల ఇసుకకి 1 పాలు సిమెంటు, బ్రిటన్‌లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. బాగా దిమ్మిస్తే (గట్టిగా అణిచి కొడితే), పూర్తిగా ఆరినా నిరోధం అదే లెక్కలో 1.2 దగ్గర ఆగుతుంది. కాంక్రీటంత గట్టిపడదు, రిపేరుకి తవ్వుకోవచ్చు. ఇసుకలో సన్నం, ముతక రెండూ ఉండాలి. సముద్రపు ఒడ్డు ఇసుక మాత్రం వద్దు. ఖర్చు పెరుగుతుంది, దిమ్మించేటప్పుడు పక్కన మనిషి నిలబడి చూడాలి.

పైపు వాడాల్సింది రోడ్డు, రైలు పట్టాలు దాటేచోటే. పైపుకీ కేబుల్‌కీ మధ్య గాలి ఉంటుంది కాబట్టి వేడి త్వరగా పోదు. వీలైతే ఆ ఖాళీలో బెంటొనైట్ (నీళ్లు పీల్చుకుని ఉబ్బే ఒక రకం బంకమట్టి) నింపాలి. లైనంతా చల్లగా ఉన్నా, వేడెక్కిన ఆ ఒక్క ముక్కను బట్టే మొత్తం లోడు తగ్గించుకోవాలి.

ఏడాదంతా తడి ఉండే పల్లపు నేలల్లో మామూలు ఇసుక చాలు. నేల పరీక్ష మాత్రం వానల తర్వాత కాదు, మే నెలలో చేయించాలి.