పెట్టె మీద '675 రెట్లు' అని ఉంటే ఆ టెలిస్కోప్ జోలికి పోకండి

కొత్తగా ఆకాశం చూడటం మొదలుపెట్టేవాళ్లు కొనేముందు ఒక్కసారి ఇది చదవండి. ఈమధ్య నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన 60 మి.మీ. (ముందు లెన్స్ వెడల్పు) టెలిస్కోప్ గురించి. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు, ఇదే సరుకు రకరకాల పేర్లతో తిరుగుతోంది.

ముందు ప్రమాదం సంగతి. పెట్టెలో ముదురు ఆకుపచ్చ అద్దం బిళ్ల ఒకటి వచ్చింది, అంచు మీద 'సన్' అని రాసి. దాన్ని ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్‌కి) బిగించి సూర్యుణ్ణి చూడొచ్చట! పొరపాటున కూడా వాడకండి. ముందున్న పెద్ద లెన్స్ ఎండనంతా పోగుచేసి సరిగ్గా అక్కడికే పంపుతుంది. ఆ వేడికి బిళ్ల పగిలిందంటే, కన్ను పక్కకు తీసేలోపే రెటీనా కాలిపోతుంది. నొప్పి కూడా తెలియదు. సూర్యుడి ఫిల్టర్ ఎప్పుడూ గొట్టం ముందువైపు, పెద్ద లెన్స్ మొత్తాన్ని కప్పేలా ఉండాలి. ఈ మాటే అమ్మినవాళ్లకు రాస్తే 'అందరూ వాడుతున్నారు సార్' అని జవాబు. పెట్టె తెరిచారు కాబట్టి వాపసు కుదరదని చేతులు దులుపుకున్నారు. ఆ బిళ్లను సుత్తితో పగలగొట్టి పారేశాను.

ఇక 675 లెక్క. గొట్టం ఫోకల్ లెంగ్త్ (పెద్ద లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 900 మి.మీ., ఐపీస్ 4 మి.మీ., భాగిస్తే 225. దానికి 3 రెట్ల బార్లో (ఐపీస్ ముందు పెట్టి బొమ్మను ఇంకా పెంచే లెన్స్) తగిలిస్తే 675. కాగితం మీద అబద్ధం కాదు. కానీ లెన్స్ వెడల్పు మి.మీ.కి రెండు రెట్ల చొప్పున లెక్కేస్తే 60కి 120 దాకానే పనికొస్తుంది. ఆపైన ఎంత పెంచినా మసకే పెద్దదవుతుంది. నేను గురుడి మీద పెట్టి చూశాను. ఫోకస్ చక్రం ముట్టుకుంటే చాలు, ట్రైపాడ్ గడగడా వణుకుతుంది. వణుకు ఆగేసరికి గురుడు కనిపించకుండా పోతున్నాడు, ఎందుకంటే అంత పెంచితే భూభ్రమణం వల్ల గ్రహం పావు నిమిషంలోపే అంచు దాటిపోతుంది.

పైగా ఆ 60 కూడా నిజం కాదు. లెన్స్ వెనకాల లోపల ఒక నల్ల ప్లాస్టిక్ రింగు పెట్టారు. ఐపీస్ నుంచి కాస్త దూరంలో ఫోన్ టార్చ్ పట్టుకుని, అవతల లెన్స్ ముందు తెల్ల కాగితం పెట్టి, పడిన వెలుతురు వలయాన్ని స్కేలుతో కొలిచాను. 45 మి.మీ.! అంటే వెలుతురులో దాదాపు సగానికి కోత. లెన్స్ లోపాలు కనిపించకుండా అంచుల్ని కప్పేసే పాత ఎత్తు ఇది.

బైనాక్యులర్లకూ ఇదే టార్చ్ పరీక్ష చేయొచ్చు. '180x100' (ఎన్ని రెట్లు x లెన్స్ వెడల్పు మి.మీ.లో) లాంటి అంకెలతో, లెన్సుల మీద ఎర్రగా మెరిసే పూతతో వచ్చేవి చూడగానే వదిలేయండి. నిజాయితీగా తయారైన 10x50 జత ఉంటే కృత్తికలు, గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలు హాయిగా కనిపిస్తాయి. చేతులు వణకకుండా గోడకు ఆనుకుంటే ఇంకా మేలు.

ఇప్పటికే ఇలాంటి టెలిస్కోప్ కొని ఉంటే బార్లో, 4 మి.మీ. ఐపీస్ పక్కన పడేయండి. 20 మి.మీ. ఐపీస్ ఒక్కటే వాడండి, 45 రెట్లు వస్తుంది. ట్రైపాడ్ కాళ్లు పొడిగించకుండా, మధ్యలో బరువు వేలాడదీసి, కుర్చీలో కూర్చుని చూడండి. చంద్రుడి గుంటలు, శని వలయాలు దానితోనే కనిపిస్తాయి.