డబ్బు కట్టి హెల్ప్‌లైన్ వాలంటీర్‌గా చేరాలనుకునేవారికి హెచ్చరిక

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో వాలంటీర్‌గా చేరండి, శిక్షణ ఇస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం అనే ప్రకటనలు మీ ఫోనుకూ వచ్చే ఉంటాయి. హైదరాబాద్‌లో అలాంటి ఒక సంస్థకు నేను గత జూన్‌లో 11,800 రూపాయలు కట్టాను. రుసుము పది వేలు, జీఎస్టీ 1,800. దయచేసి మీరు కట్టే ముందు ఇది చదవండి.

నేను బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా చెల్లెలు కొన్నేళ్లపాటు తీవ్రమైన కుంగుబాటుతో బాధపడి, ఎర్రగడ్డ ఆసుపత్రిలో వైద్యం చేయించుకుని కోలుకుంది. నిద్ర పట్టని ఆ రాత్రుల్లో దాని మాట వినడానికి నేను కాకుండా ఇంకొక మనిషి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంకొకరికి ఆ మనిషిని నేను కాగలనన్న ఆశతోనే చేరాను.

ఎనిమిది వారాల శిక్షణ అన్నారు. జరిగింది రెండు ఆదివారాలు, అదీ ఆన్‌లైన్‌లో. వంద మందికి పైగా ఉన్నాం. ఒకావిడ తెర మీది వాక్యాలు చదువుకుంటూ వెళ్లారు, అంతే. నేను ఎలా మాట్లాడతానో, ఎదుటివారి మాట ఎంతవరకు వినగలనో ఎవరూ పరీక్షించలేదు. రెండో ఆదివారం సాయంత్రానికల్లా 'సర్టిఫైడ్ మెంటల్ హెల్త్ కౌన్సెలర్' అని నా పేరుతో సర్టిఫికెట్ వచ్చేసింది. దానికి ఏ విలువా లేదని తర్వాత తెలిసింది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఆ నమోదుకు అవసరమైన చదువు వేరు, కాలం వేరు.

సర్టిఫికెట్‌తో పాటు ఒక పేజీ స్క్రిప్టు కూడా పంపారు. అందులో మూడో వాక్యం ఇది: 'కాలర్ ఏడుస్తుంటే కాసేపు ఆగి, మా నిపుణులతో 999 రూపాయల సెషన్ ఉందని చెప్పండి.' ఆ వాక్యం చదివిన రోజే మానేయవలసింది. శిక్షణకు డబ్బు తీసుకోవడమే తప్పని నేను అనను. కానీ ఏడుస్తున్న మనిషికి సెషన్ అమ్మమని చెప్పేది సేవ కాదు.

అయినా కాల్స్ తీసుకోవడం మొదలుపెట్టాను. మూడో రాత్రి, పదకొండు కావస్తుండగా ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటోంది. గదిలో వాళ్లకు వినిపించకూడదని బాత్‌రూంలో కొళాయి తిప్పి మాట్లాడుతోంది. ఆ నీళ్ల చప్పుడు మధ్య ఆ పిల్ల "నాకు బతకాలని లేదు ఆంటీ" అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంట్లోని ల్యాండ్‌లైన్ నుంచి సూపర్‌వైజర్‌కు మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాసేపటికి 'సెషన్ బుక్ చేయించండి' అని సందేశం వచ్చింది. స్క్రిప్టు పక్కన పడేశాను. "నేను ఎక్కడికీ వెళ్లను తల్లీ, చెప్పు" అన్నాను. నేను లైన్‌లో ఉండగానే ఆ అమ్మాయి వెళ్లి వార్డెన్ తలుపు తట్టేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. వార్డెన్ ఫోన్ అందుకున్నాక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరు రాసుకోమని చెప్పాను. ఆవిడ రాత్రంతా ఆ పిల్ల దగ్గరే కూర్చుని, పొద్దున అన్నయ్యను పిలిపించారు.

ఆ మర్నాడు చూసినదాన్ని మాత్రం నేను క్షమించలేను. వాలంటీర్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి కాల్స్ పట్టిక పెట్టారు. ఆ అమ్మాయి పేరు, ఫోన్ నంబరు, కళాశాల, 'సమస్య: ఆత్మహత్య ఆలోచనలు' అన్నీ అందులో ఉన్నాయి. మానసిక వైద్యం పొందేవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఎవరికీ వినపడకూడదని కొళాయి తిప్పుకున్న పిల్ల విషయం వంద మంది చదివారు. తీసేయండని రాస్తే నన్నే గ్రూపు నుంచి తీసేశారు. డబ్బు తిరిగి ఇవ్వమంటే సర్టిఫికెట్ ఇచ్చాం కదా అన్నారు.

ఈ సేవ చక్కగా చేసేవారు లేక కాదు. 1953లో లండన్‌లో మొదలైన సమారిటన్స్ అనే హెల్ప్‌లైన్ సంస్థ బాటలో చెన్నైలో 1986 నుంచి స్నేహ అనే సంస్థ నడుస్తోంది. మన హైదరాబాద్‌లో అలాంటిదే రోష్ని ఉంది. ఈ సంప్రదాయంలో వాలంటీర్‌ను ముందు ఎంపిక చేస్తారు, అడిగిన అందరినీ తీసుకోరు. వినడం నేర్పుతారు, మొదట్లో అనుభవమున్నవారిని తోడుగా ఉంచుతారు. బరువైన కాల్ తర్వాత వాలంటీర్ మనసు ఎలా ఉందో కూడా కనుక్కుంటారు. కాబట్టి ఎక్కడ చేరబోయినా ఒక్క ప్రశ్న అడగండి: రాత్రి పదకొండుకు నాకు దిక్కుతోచకపోతే ఫోన్ ఎత్తేది ఎవరు? ఆ మనిషి పేరు చెప్పలేకపోతే డబ్బు కట్టకండి.

మీకే కష్టంగా ఉంటే, లేదా ఇంట్లో ఎవరి గురించైనా భయంగా ఉంటే, ఇలాంటి ప్రకటనల్లోని నంబర్లకు కాకుండా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పటికే కట్టి మోసపోయినవారు రసీదు, ప్రకటన, వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. నేను నా ఫిర్యాదులో డబ్బు సంగతి రెండో పేరాలో రాశాను. మొదటి పేరాలో ఆ పట్టిక సంగతి రాశాను.