సొంత గొంతుతో కత్తి పట్టిన సినిమా

బంజారాహిల్స్‌లో ఒక చిన్న హాల్లో అప్పుడప్పుడు పాత విదేశీ సినిమాలు వేస్తుంటారు. మొన్న ఆదివారం 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' వేశారు. తెర బాగుంది, సౌండ్ ఇంకా బాగుంది. ఏసీకే చలితో వణికిపోయాం. అయితే మొదట ఇంగ్లీషు డబ్బింగ్ పెట్టేశారు. అన్ని గొంతులూ ఒకే పోతలో పోసినట్టున్నాయి. నేను డబ్బింగ్ చెప్పుకుని బతికేదాన్ని, ఊరుకోలేకపోయాను. లేచి వెళ్లి, అసలు మాటలే వినిపించండి, కింద సబ్‌టైటిల్స్ చదువుకుంటాం అని అడిగాను. ఇద్దరు ముగ్గురు విసుక్కున్నా, వాళ్లు మళ్లీ మొదట్నుంచి వేశారు. అందుకు వాళ్లకి దండం పెట్టాలి.

2000లో ఆంగ్ లీ తీసిన సినిమా ఇది. కథ చైనాలో చింగ్ రాజుల కాలం నాటిది, మాట్లాడేది అక్కడి ముఖ్య భాష మాండరిన్. కానీ మిషెల్ యో మలేషియాలో పుట్టింది. చైనీస్ చదవడం రాక డైలాగులన్నీ ఉచ్చారణ బట్టీపట్టి చెప్పింది. చౌ యున్-ఫాట్‌ది హాంకాంగ్, అలవాటైన భాష కాంటనీస్. 'లో' అనే ఎడారి దొంగ వేషం వేసిన చాంగ్ చెన్‌ది తైవాన్. నలుగురు ముఖ్య నటుల్లో బీజింగ్ నుంచి వచ్చింది జాంగ్ జియీ ఒక్కతే. ఆ యాసలేంటని అప్పట్లో మాండరిన్ ప్రేక్షకులు గొణుక్కున్నారు కూడా. నాకా భాష రాదు. అయినా మిషెల్ యో ఒక్కో మాటనీ ఆచితూచి వదలడం చెవికి తెలుస్తూనే ఉంటుంది. మనసులో మాట ఏళ్ల తరబడి దాచుకున్న షూ లియెన్ అనే మనిషికి ఆ నిదానం భలే అతికింది.

మాది సిద్దిపేట వైపు. కృష్ణానగర్‌లో "యాస తగ్గించమ్మా" అనే మాట వినని నెల లేదు. రౌడీ పెళ్లాం పాత్రొస్తే మాత్రం "మీ యాస దంచెయ్" అంటారు. 2017లో 'ఫిదా'కి సాయి పల్లవి, తెలుగు తన మాతృభాష కాకపోయినా, తెలంగాణ యాసలో తనే డబ్బింగ్ చెప్పుకుంది. అది విన్నప్పుడు ఎంత సంతోషం వేసిందో, ఈ సినిమా అసలు గొంతులు విన్నప్పుడూ అంతే వేసింది. నటుడు ఎక్కడివాడైతే అక్కడి ఛాయ మాటలో ఉండనీ.

ఇక ఆడవాళ్ల సంగతి. షూ లియెన్‌కీ, జాంగ్ జియీ వేసిన జెన్‌కీ జరిగే పోరు చూడండి. జెన్ చేతిలో దేన్నైనా నరికేసే ఖడ్గం ఉంది. షూ లియెన్ జంట కత్తులు, బల్లెం, కొక్కేల కత్తులు ఒకదాని తర్వాత ఒకటి తీస్తుంది. ఒక బరువైన దండం ఎత్తబోతే అది ఆమెనే ముందుకు లాగి పడేస్తుంది. లేచి ఇంకోటి అందుకుంటుంది. చివరికి విరిగిన కత్తితోనే జెన్ మెడ దగ్గరికొచ్చి ఆగుతుంది. నడివయసుకు దగ్గరపడిన ఆడమనిషికి ఇంత పెద్ద పోరాటం ఎవరు రాస్తారు మన దగ్గర? ఈ సినిమా చేస్తూ మిషెల్ యో మోకాలి లిగమెంట్ తెంచుకుంది, ఆపరేషన్ అయ్యాక మళ్లీ వచ్చి పూర్తి చేసింది.

ఇందులో విలన్ అయిన జేడ్ ఫాక్స్ నాకు ఇంకా నచ్చింది. వూడాంగ్ అనే యుద్ధవిద్య సంప్రదాయానికి చెందిన గురువు ఆమెని పక్కలోకి రానిచ్చాడు గానీ విద్య మాత్రం నేర్పలేదు. ఆమె ఆ విద్య గ్రంథం దొంగిలించింది, కానీ చదువు రాదు, బొమ్మలు చూసి నేర్చుకుంది. చదువొచ్చిన శిష్యురాలు జెన్ అసలు పాఠం రహస్యంగా చదివేసి ఆమెని దాటిపోయింది. విలన్ కోపానికి ఇంత న్యాయమైన కారణం నేను తక్కువ చూశాను.

10 ఆస్కార్ నామినేషన్లు వచ్చి 4 గెలిచిందిగానీ, నటనకి ఒక్క నామినేషన్ కూడా లేదు. అది ఇప్పటికీ మింగుడుపడదు నాకు.

లోటు చెప్పాలంటే ఎడారి భాగం. అక్కడి జనం గుర్రాలమీద వచ్చి దోచుకుని వెళ్లే గుంపే తప్ప, ఆ దొంగ 'లో' కాక ఇంకెవరూ మనకి మనుషులుగా పరిచయం కారు. వాళ్లలో ఒక ఆడమనిషి మాట వినాలనిపించింది.

ఇంట్లో చూసేవాళ్లు ప్లే నొక్కే ముందు ఆడియో మాండరిన్‌కి మార్చుకోండి. సబ్‌టైటిల్స్ కాస్త పెద్ద అక్షరాల్లో పెట్టుకుంటే పెద్దవాళ్లకీ ఇబ్బంది ఉండదు.