తమ్ముడు ఉంటున్న ఇల్లు: బయట అమ్మాలా, వాడికే తక్కువకు ఇవ్వాలా, రాసిచ్చేయాలా?

అనంతపురం రామ్‌నగర్‌లో నాకో ఇల్లుంది, 1998లో కొన్నది. నేను కర్నూలుకు వచ్చేసినప్పటి నుంచి మా తమ్ముడి కుటుంబమే అందులో ఉంటోంది, అద్దె నేను అడిగిందీ లేదు, వాడు ఇచ్చిందీ లేదు. ఇప్పుడు రిటైరయ్యాను, డబ్బు కావాలి. బయట 48 లక్షలు పలుకుతోంది, ప్రభుత్వ విలువ (రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం లెక్కగట్టేది) 40, తమ్ముడేమో "అన్నా, నేను 25 దాకా ఇచ్చుకోగలను" అంటున్నాడు.

ముందు ఒక మాట. మనం ఉండని ఇల్లు కాబట్టి పన్ను ఎక్కువ పడుతుందని చాలామంది భయపెట్టారు. మన దేశంలో అదేం లేదు, ఇంట్లో ఎవరున్నారన్నది లెక్కలోకే రాదు. అమ్మిన లాభాన్ని రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొనడానికి పెడితే వచ్చే మినహాయింపు కూడా పోదు.

బయట అమ్మితే లెక్క ఇలా ఉంది. 2001 ఏప్రిల్‌కి ముందు కొన్నది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను కొన్న ఖర్చుగా తీసుకోవచ్చు, కానీ అప్పటి ప్రభుత్వ విలువకు మించకూడదు, నాకది 7 లక్షలొచ్చింది. 12.5 శాతం పద్ధతిలో 41 లక్షల మీద 5.13 లక్షలు కట్టాలి. అదే పాత 20 శాతం పద్ధతిలో, ధరల పెరుగుదలను లెక్కలోకి తెచ్చే 2025-26 సూచీ 376తో ఆ ఖర్చు 26.32 లక్షలకు పెరుగుతుంది, పన్ను 4.34 లక్షలే. రెంటిలోనూ ఆ పన్ను మీద 4 శాతం సెస్సు అదనం. 2024 జులై 23కి ముందు కొన్నవాళ్లకే ఈ రెండో పద్ధతి ఉంది, అందుకే రెండూ వేసి చూసుకోండి, కొందరికి 12.5 శాతమే లాభం. తమ్ముడు సొంత డబ్బుతో వెనక బాత్రూం, పైన సింటెక్స్ ట్యాంకు పెట్టించాడు, ఆ ఖర్చు నా లెక్కలో రాదట, పెట్టింది నేను కాదు కదా. ఇక వాణ్ణి ఖాళీ చేయమని చెప్పడం ఎలాగన్నది ఏ ఆడిటరూ లెక్కేయలేడు.

తమ్ముడికి 25కి అమ్మడం వినడానికి బాగుంటుంది, మధ్యేమార్గం లాగా. నిజానికి ఇదే అన్నిటికన్నా దండగ. ప్రభుత్వ విలువ కన్నా 10 శాతానికి మించి తక్కువకు అమ్మితే, నాకు 40 వచ్చినట్టే లెక్కగట్టి పన్నేస్తారు, 20 శాతం పద్ధతిలో సెస్సుతో 2.85 లక్షలు. చేతికి వచ్చేది 22 చిల్లర. వాడికి రిజిస్ట్రేషన్ కూడా 40 మీదే, మన రాష్ట్రంలో ఏడున్నర శాతం లెక్కన 3 లక్షలు. పోనీ తమ్ముడు కాబట్టి తక్కువకు కొన్న తేడా మీద వాడికి పన్ను పడదు, అంతవరకే లాభం. మిగతాది నగదుగా తీసుకోమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు, ఇల్లు అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని వాళ్లకు తెలియదనుకుంటా.

గిఫ్ట్ డీడ్ రాసిచ్చేస్తే నాకు పన్ను లేదు, వాడికీ లేదు. కానీ రేపు వాడు అమ్మితే నా 7 లక్షల ఖర్చే వాడి ఖర్చు, అంటే పన్ను పోలేదు, వాడి నెత్తిన పడింది. ఇక్కడో మెలిక ఉంది. మేనత్త మనకు రాసిస్తే మనకు పన్ను పడదు, మనం మేనత్తకు రాసిస్తే మాత్రం ఆమెకు పడుతుంది, ఎందుకంటే చట్టంలోని బంధువుల జాబితాలో అన్న కొడుకు లేడు. ఇంట్లో ఉంటున్నది మేనత్తో చిన్నమ్మో అయితే ఈ దారి పట్టేముందు ఆగండి.

నాకైతే ఇస్తే పూర్తిగా ఇవ్వాలి, అమ్మితే 40కి తగ్గకుండా అమ్మాలి అనిపిస్తోంది. పూర్తిగా ఇచ్చేంత స్తోమత లేదు, 48 అడిగే మనసూ లేదు. 40 చెప్పాను, బ్యాంకు లోనుతో కొనుక్కోమన్నాను, అప్పుడైతే అదే 2.85 పన్నుకు నా చేతిలో 37 మిగులుతుంది. "చూస్తాలే అన్నా" అని ఫోన్ పెట్టేశాడు, వారం నుంచి మరదలే మాట్లాడుతోంది.