కెమెరాపై వేలు పెట్టి నాడి కొలిచే యాప్‌ను ఎంత నమ్మవచ్చు?

గుండె మందు మోతాదు మార్చిన వైద్యుడు రోజూ ఉదయం నాడి చూసి రాసి ఉంచమనడంతో, అమ్మ కోసం ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని, అది చూపిన అంకెలను నెల రోజుల పాటు పల్స్ ఆక్సీమీటర్‌తోనూ, మణికట్టు దగ్గర నిమిషం నిండా లెక్కపెట్టిన నాడితోనూ పోల్చి చూశాను.

కెమెరాపై వేలికొన ఆనించితే ఫ్లాష్ వెలుగు చర్మంలోకి చొరబడుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలో రక్తం కాస్త పెరిగి ఆ వెలుగును మరింత పీల్చుకుంటుంది కనుక, కెమెరాకు అందే వెలుగు లయబద్ధంగా హెచ్చుతగ్గులవుతుంది. యాప్ లెక్కించేది వాటినే. అంటే అది చూసేది వేలికి చేరిన నాడిని మాత్రమే, ఈసీజీలా గుండెలోని విద్యుత్తును కాదు.

అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక చూస్తే, ఆక్సీమీటర్‌కూ దీనికీ తేడా ఎప్పుడూ మూడు దాటలేదు. ఇది నిజంగా మెచ్చుకోదగినది. మెట్లెక్కి వచ్చాక నా నాడి ఆక్సీమీటర్‌లో 118 ఉండగా యాప్ 84 చూపింది. చలి ఉదయాల్లో అమ్మ వేళ్లు చల్లబడినప్పుడు వరుసగా మూడుసార్లు చూస్తే మూడు వేర్వేరు అంకెలు వచ్చాయి. సంకేతం సరిగా అందనప్పుడు ‘మళ్లీ ప్రయత్నించండి’ అనకుండా ఏదో ఒక అంకె చూపడమే, నా దృష్టిలో, దీని అసలు లోపం. ఆ అంకెను నమ్మి ఎవరైనా మాత్ర మానేస్తే ఏమవుతుందో తలచుకుంటేనే భయం వేస్తుంది.

జ్యూరిచ్‌లో 108 మంది రోగులపై నాలుగు యాప్‌లను ఈసీజీతో పోల్చి 2017లో ప్రచురించిన పరిశోధనలో కూడా, అయిదో వంతుకు పైగా కొలతల్లో తేడా 20ని మించింది. వేలు ఆనించకుండా ముఖాన్ని చూసి లెక్కగట్టే యాప్‌లు అందులో మరింత వెనుకబడ్డాయి.

ఇదే యాప్ వయసు, బరువు మాత్రమే అడిగి రక్తపోటు కూడా చెబుతుంది. అమ్మకు 120/80 అని చూపిన రోజే, చేతికి పట్టీ చుట్టే యంత్రంలో 152/90 వచ్చింది. ఆ భాగాన్ని పూర్తిగా పక్కన పెట్టాను.

నాడి లయ తప్పేవారికి ఈ యాప్ వద్దు. కర్ణికా ప్రకంపనం (గుండె పై గదులు క్రమం తప్పి అదిరే జబ్బు) ఉన్నవారిలో బలహీనమైన కొన్ని స్పందనలు వేలిదాకా రావు. ఆరోగ్యవంతులు విశ్రాంతిలో చూసుకోవడానికి పనికివస్తుంది. అమ్మ పుస్తకంలో మాత్రం మణికట్టు దగ్గర లెక్కపెట్టిన అంకెనే రాస్తున్నాను.